యంత్రము జవాబు చెప్పగలదా?



మనుష్యుడు చేసిన యంత్రము మనుష్యునివలె మాటలాడు కాలమున మనము జీవించుచున్నాము. పట్టణములలో మాత్రమే కాదు, గోపాల్‌పేట చుట్టునున్న పల్లెలలో సహితము మన యువకుల చేతిఫోనులలో అది తెలుగున అడిగిన ప్రశ్నకు తెలుగుననే బదులిచ్చుచున్నది. దానిని కృత్రిమ మేధ అనుచున్నారు. యంత్రమునకు చేతులు కాళ్లు అమర్చి పని చేయించిన యెడల దానిని రోబో అనియు, మరమనిషి అనియు పిలుచుచున్నారు. ఇప్పుడు పండితుల మధ్యను, న్యాయవాదుల మధ్యను ఒక ప్రశ్న నడుచుచున్నది. ఈ యంత్రము చట్టము ఎదుట ఏమి? అది హక్కులు గల వ్యక్తియా, లేక మన నాగలివంటి, బావి మోటారువంటి పనిముట్టా? అది కీడు చేసిన యెడల దోషము ఎవరిది?

ఇది మనకు సంబంధము లేని ప్రశ్న అని కొందరు తలంచవచ్చును. మేము అట్లు తలంచుట లేదు. ఈ ప్రశ్న ఇప్పటికే మన అన్నపు కుండ దాకా వచ్చినది.

మన రాష్ట్రములో జరిగిన సంగతినే చూడుడి. 2016లో తెలంగాణ ప్రభుత్వము 'సమగ్ర వేదిక' అను ఒక కంప్యూటరు ఏర్పాటును వాడుకలోనికి తెచ్చెను. వేర్వేరు శాఖల యొద్దనున్న లెక్కలను అది ఒక్కచోట చేర్చును. పేరును పేరుతోను, చిరునామాను చిరునామాతోను పోల్చి, ఈ ఇద్దరు ఒక్కరే అని తనకు తోచినచోట ఇద్దరిని ఒక్కరిగా కట్టును. కారు గలవారు పేదల బియ్యము తీసికొనకుండ చూడవలెనన్నది ఉద్దేశము. ఆ ఉద్దేశములో తప్పు లేదు. కాని 2014 నుండి 2019 వరకు రాష్ట్రములో 18 లక్షలకు పైగా రేషను కార్డులు రద్దయ్యెను. ఏ కారణముచేత రద్దయ్యెనో తెలిపెడి నోటీసు అనేకులకు రాలేదు. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రదికిన ఒకాయనను, అతని పేరును పోలిన పేరు గల వేరొక కారు యజమానిని లెక్కలలో ఒక్కరిగా కలిపివేసిన సంగతి పత్రికలలో వచ్చినది. ఆ బీద కుటుంబమునకు బియ్యము నిలిచిపోయెను.

ఈ రద్దుల వ్యవహారము చివరకు సుప్రీంకోర్టుకు పోయెను. 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము, రద్దయిన కార్డుల విషయము ఊరూర తిరిగి స్వయముగా విచారింపవలెనని ప్రభుత్వమును ఆజ్ఞాపించెను. అట్లు విచారించినప్పుడు వేలకొలది కుటుంబములు అర్హులేనని తేలెను. యంత్రము క్షణములో పోల్చి చెప్పినదానిని మనుష్యుడు తన కాళ్లతో నడిచిపోయి తన కన్నులతో చూడవలసి వచ్చెను.

ఇట్టి చిక్కులో పడిన ఒక వృద్ధురాలు మాతో ఇట్లనెను: "అయ్యగారూ, డీలర్ నడిగితే మిషిన్ ఒప్పుకుంటలేదంటడు. ఆఫీసుకు పోతే పైనుంచే అట్ల వచ్చిందంటరు. ఇగ నేను మిషిన్‌నే అడగాల్నా? దానికేమన్న నోరున్నదా?"

ఆమె చదువుకొనలేదు. అయినను పండితుల ప్రశ్న యొక్క నడిబొడ్డును ఆమె ముట్టినది. చట్టములో వ్యక్తి అనగా ఎవరు? పిలిచినప్పుడు వచ్చి నిలువవలసినవాడు, అడిగినప్పుడు జవాబు చెప్పవలసినవాడు, నష్టము చేసిన యెడల అచ్చుకొనవలసినవాడు. హక్కు ఎంతయో జవాబుదారీతనము అంత. జవాబు చెప్పలేనిదానికి వ్యక్తి అని పేరు పెట్టిన యెడల, పేరు మాత్రమే మిగులును. అడుగవచ్చినవారికి ఎదుట ఎవరును మిగులరు.

మోషే ధర్మశాస్త్రములో ఈ విషయమునకు దగ్గరగా ఒక సంగతి కలదు. నిర్గమకాండము 21వ అధ్యాయమున పొడిచెడి ఎద్దును గూర్చిన విధి చదువుడి. ఎద్దు ఒకనిని పొడిచి చంపిన యెడల ఆ ఎద్దును చంపవలెను. దాని యజమాని నిర్దోషి. అయితే ఆ ఎద్దు అంతకుముందే పొడుచు అలవాటు గలదైయుండి, ఆ సంగతి యజమానికి తెలియజేయబడియుండి, అతడు దానిని కట్టివేయకుండిన యెడల దోషము యజమాని మీదికి వచ్చును. మన రైతులకు ఇది వివరింపనక్కరలేదు. పొడుచు ఎద్దును బజారులోనికి విడిచి, 'అది ఎద్దు గదా, దానినే అడుగుడి' అని ఏ పెద్దమనిషియైనను పంచాయితీలో చెప్పగలడా? నీకు తెలియునా, నీకు ముందుగా చెప్పిరా, నీవు ఏమి జాగ్రత్త చేసితివి, అనునవే విచారణలో ప్రశ్నలు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని యున్నది. ఎవడైన మిద్దె మీదనుండి పడిన యెడల దోషము మిద్దెది కాదు, కట్టినవానిది. ఈ రెండు విధులు నేటి కంప్యూటరు యజమానులకును చాలును.

ఇప్పుడు లోకములో జరిగిన దానిని కొంత చూతము. 2017 ఫిబ్రవరిలో యూరపు పార్లమెంటు ఒక తీర్మానము చేసెను. మిక్కిలి తెలివి గల రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' అను చట్టపు హోదా ఇచ్చుటను ఆలోచింపవలెననియు, ఆ హోదాతో అవి చేసిన నష్టమునకు అవే బాధ్యత వహించునట్లు చూడవచ్చుననియు అందులో యుండెను. 2018లో యూరపులోని అనేకమంది నిపుణులు దీనిని వ్యతిరేకించుచు బహిరంగ లేఖ వ్రాసిరి. ఆ ఆలోచన చట్టము కాలేదు. 2024లో అమలులోనికి వచ్చిన యూరపు కృత్రిమ మేధ చట్టము యంత్రమునకు ఏ హోదాయు ఇయ్యక, దానిని తయారు చేయువారి మీదను, వాడుకొను సంస్థల మీదను విధులను మోపినది. ఇది వివేకమని మేము తలంచుచున్నాము.

అదే 2017లో, అక్టోబరు మాసమున, సౌదీ అరేబియా దేశము హాంకాంగు కంపెనీ ఒకటి తయారు చేసిన సోఫియా అను స్త్రీరూపపు రోబోకు పౌరసత్వము ఇచ్చినట్లు ప్రకటించెను. 2018 ఫిబ్రవరిలో ఆ బొమ్మ మన హైదరాబాదులో జరిగిన ప్రపంచ ఐటీ మహాసభకు వచ్చి వేదిక మీద ప్రశ్నలకు బదులు చెప్పెను. జనులు ఆశ్చర్యపడిరి. కాని ఆలోచింపుడి. పౌరునికి ఆకలి యుండును, ఇల్లు యుండును, కోర్టులో నిలువవలసిన దేహముండును. ఆ బొమ్మకు వీటిలో ఏది కలదు? ఆ దేశమునకు కూలికి పోయిన మన పాలమూరు, కరీంనగరు జిల్లాల బిడ్డలు సంవత్సరములకొలది చెమటోడ్చినను అక్కడ పరాయివారుగానే యుందురు. కష్టపడిన మనుష్యునికి దొరకని గౌరవము కష్టము తెలియని బొమ్మకు దొరికెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. 'మనుష్యులు కానివారిని చట్టము వ్యక్తులుగా ఎంచుట క్రొత్త కాదు గదా? కంపెనీ వ్యక్తియే. గుడిలోని విగ్రహము వ్యక్తియే. అట్లయిన రోబో ఎందుకు కారాదు?' అని చదువుకొన్నవారు అడుగుదురు. ఆక్షేపణ బలమైనదే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము ప్రకారము మన దేశములో వ్యక్తి అను మాటలో కంపెనీయు, మనుష్యుల సంఘమును చేరును. హిందూ దేవాలయపు విగ్రహమునకు ఆస్తి గల వ్యక్తిగా కోర్టులో స్థానము కలదని 1925లో లండనులోని ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పెను. 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు సిక్కుల గురుగ్రంథమునకు సహితము ఆ స్థానము కలదని చెప్పెను.

అయితే వీటిని తరచి చూచిన యెడల ఒక సంగతి కనబడును. కంపెనీ వెనుక డైరెక్టర్లు కలరు, సొమ్ము కలదు. విగ్రహము పేరట ఆస్తి కలదు, దానిని నిర్వహించు మనుష్యులు కలరు, వారిని కోర్టుకు పిలువవచ్చును. పేరు కాగితము మీదిదైనను పిలుపునకు వచ్చి నిలుచువాడు మనుష్యుడే. అట్టివాడు స్పష్టముగా లేనిచోట ఏమి జరుగునో 2017లో గంగా నది విషయమున తెలిసినది. ఉత్తరాఖండు హైకోర్టు గంగా యమునా నదులను వ్యక్తులుగా ప్రకటించెను. నదులను కాపాడవలెనన్న మంచి తలంపుతోనే అట్లు చేసెను. కాని వరద వచ్చి ఇండ్లు కొట్టుకొనిపోయిన యెడల నష్టపరిహారము నది ఇచ్చునా, ప్రభుత్వము ఇచ్చునా అను చిక్కు వచ్చెను. రాష్ట్ర ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోగా, అదే సంవత్సరము జూలైలో ఆ తీర్పు నిలిపివేయబడెను. రోబోను వ్యక్తి చేసిన యెడల చిక్కు ఇంతకంటె పెద్దది. నదికి యజమాని లేడు. రోబోకు యజమాని కలడు, లాభము తీసికొనువాడు కలడు. యంత్రమునకు వ్యక్తి అని పేరు పెట్టి దోషము దాని మీద మోపుటకు ఎక్కువగా సంతోషించువాడు ఆ యజమానియే. లాభము తనకు, దోషము యంత్రమునకు. ఇది న్యాయము కాదు.

ఇంకొకరు వేరు విధముగా అడుగవచ్చును: 'ఆ యంత్రమునకు బాధ కలుగునేమో? అట్లయిన మనము దానిని హింసించుట పాపము కాదా?' ఈ ప్రశ్నను మేము నవ్వి త్రోసివేయము. లేఖనములు పశువు విషయమున దయ చూపినవి. విశ్రాంతి దినమున ఎద్దునకును గాడిదకును విశ్రాంతి ఇయ్యవలెను. కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదు. ఎద్దు కోర్టులో జవాబు చెప్పలేదు, అయినను దానికి ఆకలియు నొప్పియు కలవు గనుక మన దయకు పాత్రమైనది. కాబట్టి లోకములో మూడు తరగతులు కనబడుచున్నవి. జవాబు చెప్పవలసిన మనుష్యుడు ఒక తరగతి. జవాబు చెప్పలేకపోయినను బాధపడు జీవి రెండవ తరగతి. జవాబును బాధయు లేని పనిముట్టు మూడవది. నేటి యంత్రము ఈ మూడవ తరగతిలోనిదే అని మా అభిప్రాయము. మనుష్యులు వ్రాసిన కోట్ల పుటలను దానికి చూపి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో లెక్కించునట్లు దానిని తయారు చేసిరి. 'నాకు దుఃఖముగా నున్నది' అని అది అనిన యెడల, దుఃఖించిన మనుష్యులు ముందుగా వ్రాసిన మాటల పోలిక అది. మన పల్లెలకు పగటి వేషగాండ్రు వచ్చెడివారు. రాజు వేషము వేసినవాడు రాజువలెనే గర్జించును. చూచి సంతోషించి గంపలో బియ్యము పోయుదుము గాని అతనికి శిస్తు కట్టము గదా?

ఒకవేళ రాబోవు కాలమున నిజముగా బాధపడునది ఏదైన వచ్చిన యెడల, ఆనాటి మనుష్యులు దానిని గూర్చి మరల ఆలోచింపవలెను. అప్పుడు దానికి దయ చూపవలసి వచ్చును. అప్పుడు సహితము దాని చాటున దాగుటకు యజమానికి హక్కు రాదు.

రోబో అను మాట ఎక్కడనుండి వచ్చినదో మన ప్రాంతపువారు తెలిసికొనుట మంచిది. 1920లో చెకోస్లొవేకియా దేశపు రచయిత కారెల్ చాపెక్ ఒక నాటకము వ్రాసెను. అందులో కార్ఖానాలో తయారైన పనివాండ్రకు రోబోలు అని పేరు పెట్టెను. ఆ దేశపు భాషలో రోబోట అనగా జమీందారు పొలములో కూలి లేక చేయవలసిన బలవంతపు పని. మన మాటలో చెప్పిన యెడల వెట్టి. ఆ మాట వినగానే మన తాతల కాలము జ్ఞాపకము రాదా? నిజాము రాజ్యమున వెట్టి చేసినవారు మనుష్యులే. వారిని పనిముట్లుగా ఎంచిరి. పిలిచినప్పుడు పోవలెను, ఎందుకని అడుగరాదు. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము దేశమంతటికి 1976లో గాని రాలేదు. మనుష్యుని పనిముట్టుగా ఎంచిన పాపము ఒకటి. ఇప్పుడు పనిముట్టును మనుష్యునిగా ఎంచి, బీదవానిని మరల అడుగరానివానిగా చేయుట రెండవ పాపము. చూచుటకు వేరుగా నున్నను రెండింటి ఫలము ఒక్కటే: ఎందుకని అడుగుటకు బీదవానికి తావు లేదు.

దోషము మనుష్యునిదే అని చెప్పినంతమాత్రమున పని ముగియలేదు. ఏ మనుష్యునిది? 2018 మార్చిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున తనంతట తాను నడుచు ఊబరు కంపెనీ కారు, రాత్రివేళ రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని గుద్ది చంపెను. కంపెనీ మీద నేర విచారణ జరుగలేదు. కారులో కావలిగా కూర్చున్న ఉద్యోగిని మీద జరిగెను. 2023లో ఆమె దోషము ఒప్పుకొనెను. ఆమె అజాగ్రత్త ఆమెదే. అయినను ఆ కారును చేసి, ఆ రోడ్డు మీదికి పంపినవారు ఆమెకంటె పైన లేరా? మన రేషను దుకాణములోను ఇట్లే జరుగును. కోపము డీలరు మీదికి పోవును. గట్టిపని చేసి వ్రేళ్ల గీతలు అరిగిపోయిన కూలి మనిషి వ్రేలిముద్ర యంత్రములో పడకపోయిన యెడల తిట్లు తినువాడు డీలరే. అతడు ఆ యంత్రమును చేయలేదు, ఆ నియమమును పెట్టలేదు. లేవీయకాండములో జనుల దోషములన్నియు మోసికొని అరణ్యమునకు పోయిన మేకను గూర్చి చదువుచున్నాము. మనము విచారణలో అట్టి మేకను వెదకరాదు. ఎవరు తెలిసియుండిరి, ఎవరికి ఆపుటకు అధికారముండెను, ఎవరు లాభపడిరి అని అడుగవలెను.

చేతులు కడుగుకొనినంతమాత్రమున పిలాతు నిర్దోషి కాలేదు. తీర్పు అతని నోటనుండి వచ్చినది. 'కంప్యూటరు అట్లు చెప్పినది' అనుమాట ఈ కాలపు నీళ్ల పళ్లెము. అధికారి దానిలో చేతులు కడుగుకొనరాదు. ఈ సంగతిని గ్రహించియే కాబోలు, 2025 జూలైలో కేరళ హైకోర్టు తన క్రింది న్యాయస్థానములకు ఒక నియమావళి ఇచ్చెను. తీర్పు చెప్పుటకు కృత్రిమ మేధను వాడరాదనియు, దానిని ఇతర పనులకు వాడినను మనుష్యులు సరిచూడవలెననియు అందులో కలదు. తీర్పు తీర్చువాడు తీర్పునకు గురియగువాని ముఖము చూడవలెను. ముఖము లేనిది ముఖమును చూడలేదు.

ఇట్లు వ్రాసినంతమాత్రమున మేము యంత్రములకు విరోధులమని తలంపకుడి. బోరుమోటారు రాకముందు మోట కొట్టిన తండ్రులు ఎంత శ్రమపడిరో మనకు తెలియును. కృత్రిమ మేధ డాక్టరుకు సహాయము చేసినను, పైరు తెగులును గుర్తించినను, గ్రుడ్డివానికి పుస్తకము చదివి వినిపించినను, దేవునికి వందనములు చెల్లింతము. పనిముట్టు మంచిదైనకొలది దాని వెనుక నిలిచిన చేయి ఎవరిదో తెలిసియుండుట మరింత అవసరము. గొడ్డలి పదునైనది గనుకనే పిడి ఎవరి చేతిలో నున్నదో చూతుము.

అట్లయిన మనము చేయవలసినదేమి? మొదటిది, యంత్రము చెప్పినదని ఎవరైన అనిన యెడల అక్కడితో వెనుదిరిగి రాకుడి. కారణము కాగితము మీద వ్రాసి ఇమ్మని మర్యాదగా అడుగుడి. ఆ నిర్ణయము ఏ అధికారిదో పేరు అడుగుడి. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము రేషను ఫిర్యాదులు వినుటకు ప్రతి జిల్లాకు ఒక అధికారి యుండవలెను. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడిన తరువాత మన గోపాల్‌పేటవారికి కలెక్టరు కచేరి దగ్గరకు వచ్చినది. సోమవారపు ప్రజావాణిలో అర్జీ ఇచ్చుటకు మహబూబ్‌నగరు దాకా పోనక్కరలేదు.

రెండవది, చదువు వచ్చిన యువకులు చదువు రాని తల్లిదండ్రులకు, పొరుగువారికి ఆ అర్జీ వ్రాసిపెట్టుడి. వారు ఏ మతస్థులైనను సరే. బొంబాయి, పూనా పనులకు పోయిన కుటుంబముల కార్డులు ఏమయ్యెనో విచారించుడి. వృద్ధురాలితో కలిసి కచేరి మెట్లు ఎక్కుట ఆదివారపు పాటకంటె తక్కువ సేవ కాదు.

మూడవది, మనలో ఉద్యోగస్థులు కలరు. పంచాయితీ కార్యాలయములోను, మీసేవ కేంద్రములోను, బ్యాంకులోను పని చేయువారు కలరు. హైదరాబాదు కంపెనీలలో ఈ యంత్రములనే తయారు చేయు మన బిడ్డలును కలరు. వారితో మా మనవి ఇది: మీ తెర మీద కనబడు ప్రతి అంకె వెనుక ఒక పొయ్యి కలదు. యంత్రము 'కాదు' అనినప్పుడు మరల ఒకసారి చూడుడి. మీకు అనుమానము కలిగిన యెడల పైవారికి వ్రాసి తెలియజేయుడి. పొడుచు ఎద్దు సంగతి యజమానికి ముందుగా చెప్పబడినదా అనునది ధర్మశాస్త్రములో ఎంత ముఖ్యమో చూచితిమి. మీరు చెప్పిన తరువాత, తెలియదు అనుటకు వారికి వీలుండదు.

ఏదెనులో మొదటి మనుష్యుడు నేరము స్త్రీ మీదికిని, స్త్రీ సర్పము మీదికిని త్రోసిరి. అయినను దేవుడు ఒక్కొక్కరిని వేరువేరుగా పిలిచి అడిగెను. ఈనాడు సర్పమునకు బదులు యంత్రము దొరికినది, అంతే. దానికి ఎంత గొప్ప పేరు పెట్టినను, పౌరసత్వము ఇచ్చినను, అడుగబడువాడు మనుష్యుడే. కాబట్టి మనలో ప్రతివాడును తన చేతిపనికి తానే జవాబు చెప్పుటకు సిద్ధపడియుండవలెను. అడుగుటకు నోరు చాలనివారి పక్షమున మనము నోరు తెరువవలెను.